నార్కాన్ ముక్కు స్ప్రే రివ్యూ: మార్ఫిన్ వాడే ఇంట్లో ఉండాల్సిన డబ్బా

ముందే చెప్పేస్తున్నా, ఈ స్ప్రేని మేం ఇంతవరకూ ఎవరి ముక్కులోనూ కొట్టలేదు. డబ్బాలో రెండు ఉన్నాయి, రెండూ సీలు తీయకుండా అలాగే ఉన్నాయి. మరి రివ్యూ దేనికి అంటారా? ఇందులో ఉన్న మందే ఇంజెక్షన్ రూపంలో, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే మా నాన్నకు పడింది, అదెలా పనిచేస్తుందో పక్కన నిలబడి చూశాను. పైగా ఈ మందు కోసం హైదరాబాద్‌లో తిరిగితే ఏం దొరుకుతుందో, ఏం దొరకదో కూడా బాగానే తెలిసొచ్చింది. ఇంట్లో ఎవరైనా నొప్పికి మార్ఫిన్ మాత్రలో, చర్మానికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్‌లో వాడుతుంటే చదవండి, లేకపోతే వదిలేయండి, మీకు దీంతో పని లేదు.

మందు పేరు నాలాక్సోన్. నార్కాన్ అనేది అమెరికాలో దొరికే స్ప్రే బ్రాండు. మందు కొత్తదేం కాదు, 1961లోనే పేటెంట్ తీసుకున్నారు, 1971లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది, మన దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో కూడా ఇంజెక్షన్‌గా ఉంది. మార్ఫిన్ జాతి మందులు (వీటినే ఓపియాయిడ్లు అంటారు) ఒంట్లో ఎక్కువైతే మనిషి మత్తులోకి జారిపోతాడు, ఊపిరి నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. నాలాక్సోన్ వెళ్లి మెదడులో ఆ మందు అతుక్కున్న చోటు నుంచి దాన్ని తప్పించి ఆ చోటు తను పట్టుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి మళ్లీ అందుకుంటుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్లకి పొరపాటున ఇచ్చినా ఏమీ కాదు, అలవాటు పడేదీ కాదు. ఇంత సాధువైన మందు మన దగ్గర ఆపరేషన్ థియేటర్లో, క్యాజువాలిటీ ట్రేలో తప్ప ఇంకెక్కడా ఎందుకు కనపడదు అన్నదే నా బాధ.

మా చేతికి ఎలా వచ్చిందంటే, మా మేనత్త కొడుకు అమెరికా ఆర్మీలో చేసి బయటికొచ్చాడు. నడుం దెబ్బతింది, ఆపరేషన్ అయింది, ఇప్పటికీ నొప్పికి ఓపియాయిడ్ మాత్ర వేసుకుంటాడు. కొంపల్లిలో చుట్టాల గృహప్రవేశానికి వస్తూ వచ్చే ముందు ఫోన్ చేసి, అందరూ అడిగినట్టు ఏం తేవాలిరా అని కాకుండా, "ఏరా, మామయ్యకి మార్ఫిన్ ఇస్తున్నారు కదా, నాలాక్సోన్ ఏమైనా ఇచ్చారా ఇంటికి?" అన్నాడు. అప్పటికి నాన్న ఆసుపత్రి గొడవ అయిపోయి ఎక్కువ కాలం కాలేదు. లేదు బావా, ఎవరూ ఇవ్వలేదు అన్నాను. సరే నేను తెస్తా అని, అక్కడి మందుల షాపులో కొని తెచ్చాడు. 2023 మార్చిలో అక్కడ దీన్ని చీటీ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి షాపుల అరల్లోకి వచ్చింది. అప్పట్లో రెండు స్ప్రేల డబ్బా సుమారు 45 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు నాలుగు వేలు. తక్కువేం కాదు.

బావకు మాత్రం అది ఊరికే వచ్చింది. ఓపియాయిడ్ మాత్రలు రాసినప్పుడే వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రి ఫార్మసిస్ట్ ఫోన్ చేసి, ఇంట్లో మీతో పాటు ఎవరుంటారు, రాత్రి గురక ఎక్కువా, నిద్రమాత్రలు ఏమైనా వేసుకుంటారా అని అడిగి, అక్కతో (బావ భార్యతో) కూడా మాట్లాడి ఎలా వాడాలో చెప్పి, స్ప్రే పోస్టులో పంపించేశారట. "నేనడగలేదురా. పార్సిల్ చూసి ముందు కోపమొచ్చింది, నేనేమైనా డ్రగ్స్ కొట్టేవాణ్నా, నాకెందుకిది అని" అన్నాడు. ఈ మాట విని మంచం మీద నుంచే నాన్న నవ్వాడు. నాన్న మన ఆర్మీలో ఈఎంఈ (వాహనాలు, యంత్రాలు రిపేరు చేసే విభాగం), హవల్దార్‌గా రిటైర్ అయ్యాడు. "జేబులో ఫీల్డ్ డ్రెస్సింగ్ కట్టు పెట్టుకుని తిరగలేదా మనం? అది మన కోసమే, కానీ కట్టేది పక్కవాడు. ఇదీ అంతే" అన్నాడు. ఇంతకంటే బాగా ఈ మందు గురించి ఎవరూ చెప్పలేరు. స్పృహ తప్పినవాడు తన ముక్కులో తను స్ప్రే కొట్టుకోలేడు కదా, మందు అతని పేరు మీద వచ్చినా నేర్చుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

అందుకే నా రివ్యూలో సగం మార్కులు ప్లాస్టిక్ డబ్బాకి కాదు, దాన్ని అడగకుండా ఇంటికి పంపించిన పద్ధతికి. అమెరికా వెటరన్స్ శాఖ ఆసుపత్రుల్లో చూపించుకునే మాజీ సైనికులు పొరపాటున మందులు, మత్తు పదార్థాలు ఎక్కువై చనిపోయే రేటు అక్కడి మామూలు జనం కంటే దాదాపు రెట్టింపు ఉందని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. యుద్ధ గాయాలు, నొప్పి, నిద్ర పట్టకపోవడం, తాగుడు, అన్నీ ఒకే మనిషిలో ఉంటాయి కదా. 2014లో నాలాక్సోన్ ఇచ్చి వాడకం నేర్పించే కార్యక్రమాన్ని ఆ శాఖ దేశమంతా మొదలుపెట్టింది. ప్రమాదం ఉన్న వెటరన్లు దీనికి చిల్లిగవ్వ కట్టక్కర్లేదని 2016లో చట్టమే వచ్చింది. 2018లో ఇంకో అడుగు ముందుకేసి ఆసుపత్రి పోలీసుల చేతికీ, గోడలకి ఉండే గుండె షాక్ మెషిన్ల పెట్టెల్లోకీ దీన్ని చేర్చారు, ఆ పెట్టెల ఆలోచన బోస్టన్ వెటరన్స్ ఆసుపత్రిలో పుట్టింది. నాకు బాగా నచ్చింది ఆ పెట్టెలే. మనిషి పడిపోయేది బాత్రూంలోనో, పార్కింగ్‌లోనో, వెయిటింగ్ హాల్లోనో, డాక్టర్ టేబుల్ ముందు కాదు.

లోపం లేదని కాదు. ఆ దేశంలో వెటరన్లు సుమారు కోటీ ఎనభై లక్షల మంది ఉంటే, ఈ ఆసుపత్రుల్లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు సుమారు 90 లక్షలే. మిగతా సగానికి పార్సిల్ రాదు, షాపులో సొంత డబ్బు పెట్టాలి, ఇల్లూ వాకిలీ లేక రోడ్డు మీద ఉన్నవాడు అది కొంటాడా? బావ స్నేహితుల్లోనే ఆసుపత్రి పేరెత్తితే చిరాకుపడి అటు వెళ్లనివాళ్లు ఉన్నారట. అలాంటివాళ్ల కోసం బావ తన కార్లో ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకుంటాడు.

ఇక వస్తువు సంగతి. డబ్బాలో రెండు బ్లిస్టర్ ప్యాకింగులు, ఒక్కోదాంట్లో ఒక స్ప్రే, తెల్లటి ప్లాస్టిక్, అరచేతిలో పట్టేంత. ఒక్కోటి 4 మిల్లీగ్రాముల మందు, ద్రవం మాత్రం 0.1 మిల్లీలీటరే, అంటే రెండు చుక్కలు. వెనకున్న రేకు చింపాలి, కింద పిస్టన్ మీద బొటనవేలు, స్ప్రే గొట్టానికి రెండు పక్కలా రెండు వేళ్లు, మెడ కింద చెయ్యి పెట్టి తల కొంచెం వెనక్కి వంచి, వేళ్లు ముక్కుకి తగిలేదాకా లోపలికి పెట్టి గట్టిగా నొక్కాలి. అయిపోయింది. మనిషి పీల్చాల్సిన పని కూడా లేదు. తర్వాత పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో స్ప్రే ఇంకో ముక్కు రంధ్రంలో. ఊపిరి అసలే ఆడకపోతే స్ప్రే కొట్టి చూస్తూ కూర్చోకూడదు, నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా, దీన్ని టెస్ట్ చేసి చూడకూడదు. మనకి ఏ స్ప్రే చేతికొచ్చినా గాల్లోకి రెండుసార్లు కొట్టి చూసే అలవాటు ఉంది కదా, దోమల మందు నుంచి సెంటు దాకా. ఇందులో ఒక్కసారికే మందు ఉంటుంది, గాల్లోకి కొడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మా అమ్మ డబ్బా చేతికి రాగానే "పనిచేస్తుందో లేదో చూద్దామా" అని బొటనవేలు పెట్టబోయింది, బావ అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

ఉపయోగించే కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది. బొమ్మలున్నాయి కానీ అర్ధరాత్రి కంగారులో అమ్మకి ఆ బొమ్మలు ఎక్కవు. నాన్నే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, క్యాలెండర్ వెనక అట్ట కత్తిరించి, దాని మీద తెలుగులో ఎర్ర పెన్నుతో రాశాడు. లేపు. లేవకపోతే ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దు. ఊపిరి లెక్కపెట్టు. స్ప్రే. పక్కకి తిప్పు. 108. తన మీద వాడాల్సిన మందుకి తనే డ్రిల్లు రాసుకోవడం చూస్తే నాకు ఎలాగో అనిపించింది, ఆయన మాత్రం అమ్మతో అప్పజెప్పించుకుంటూ హాయిగా ఉన్నాడు.

ఇప్పుడు క్యాజువాలిటీ రాత్రి గురించి. నాన్నకి క్యాన్సర్, ఎముకలకి పాకింది, మార్ఫిన్ లేకపోతే పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేడు. మార్ఫిన్ అంటే భయపెట్టడానికి ఇది రాయట్లేదు, ఆ మాత్ర ఆయనకి నిద్ర ఇచ్చింది, అన్నం తినే ఓపిక ఇచ్చింది. మన సిటీలో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం ఉండటం మన అదృష్టం, చాలా ఊళ్లలో ఆ మాత్ర కోసం జిల్లాలు దాటాలి. కానీ ఒకసారి విరేచనాలు పట్టుకుని నీళ్లు సరిగా తాగలేదు, కిడ్నీ నెమ్మదించింది, మాత్రలు మాత్రం టైముకి పడుతూనే ఉన్నాయి. మార్ఫిన్ ఒంట్లో మారాక తయారయ్యే పదార్థం కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి, అది పోకపోతే పేరుకుంటుంది. ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు. ఓవర్‌డోస్ అంటే గుప్పెడు మాత్రలు మింగడం అనుకుంటారు జనం, మా ఇంట్లో అది చీటీలో రాసినట్టు వేసుకుంటూనే వచ్చింది.

పిలిస్తే పలకలేదు, గురకలా గరగరమనే శబ్దం, పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి లెక్కపెడితే నిమిషానికి ఎనిమిది కూడా లేవు. కంటిపాప సూదిమొనంత ఉంది, కానీ అదొక్కటే చూసి కంగారు పడకండి, మార్ఫిన్ వాడేవాళ్లకి పాప ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది, చూడాల్సింది ఊపిరి. దగ్గర్లో ఉన్న ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాం, అక్కడి డ్యూటీ డాక్టర్‌కి నిండా ముప్పై ఏళ్లుండవు, మాత్రల చీటీ చూడగానే విషయం పట్టేశాడు. నాలాక్సోన్ ఒక ఆంప్యూల్ (చిన్న గాజు బుడ్డి) విరగ్గొట్టి, సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేసి, ఒక్కో మిల్లీలీటరు చొప్పున నరంలోకి ఎక్కిస్తూ, ఎక్కించిన ప్రతిసారీ ఛాతీ వైపే చూస్తున్నాడు. ఒకేసారి మొత్తం ఇవ్వొచ్చు కదా సార్ అంటే, "ఇస్తే లేస్తారు, కానీ నొప్పి మొత్తం ఒక్కసారిగా తిరిగొస్తుంది, అరుస్తారు" అన్నాడు. కాసేపటికి నాన్న కళ్లు తెరిచి "లైటెవడేశాడ్రా" అన్నాడు. అమ్మ అక్కడే స్టూలు మీద కూలబడిపోయింది.

గంట తర్వాత మళ్లీ మత్తులోకి జారాడు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి: నాలాక్సోన్ పని అరగంట నుంచి గంటన్నర, నెమ్మదిగా కరిగే మార్ఫిన్ మాత్ర పని దానికి ఎన్నో రెట్లు. ఫెంటనిల్ ప్యాచ్ అయితే పీకేసినా చర్మం కింద చేరిన మందు గంటల తరబడి ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. అందుకని స్ప్రే కొట్టాక లేచి కూర్చుని కాఫీ అడిగినా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నాన్నని తెల్లవార్లూ డ్రిప్‌లో మందు పెట్టి చూశారు.

ఇంటికొచ్చాక ఆ ఆంప్యూల్ ఇంట్లో ఉంచుకుందామని చీటీ రాయించుకుని బయల్దేరాను. అల్వాల్ వైపు ఒక మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి, లోపలికెళ్లి, ఓ స్ట్రిప్ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అది నాల్ట్రెక్సోన్. తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర. నేను చీటీలో ఇంజెక్షన్ అని ఉంది కదా అంటే "రెండూ ఒకటే సార్, కంపెనీ తేడా" అన్నాడు! రెండూ ఒకటి కానే కాదు, మార్ఫిన్ మీద ఉన్న మనిషి అది మింగితే ఆ రోజంతా నొప్పి మందు పనిచేయదు, నరకం చూస్తాడు. చీటీలో పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చూసుకోండి, ఎంత తొందరున్నా. ఇంకో రెండు మూడు చోట్ల "హాస్పిటల్ సప్లై సార్, బయట పెట్టం" అన్నారు. చివరికి కోఠిలో హోల్‌సేల్ మందుల వైపు వెళ్తే దొరికింది, 0.4 మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరు గాజు ఆంప్యూల్. ధర స్ప్రే ముందు లెక్కే కాదు. నేను అడిగిన ఏ షాపులోనూ ముక్కు స్ప్రే మాత్రం లేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మందులో తేడా లేదు, చేతిలో తేడా ఉంది. ఆంప్యూల్ మెడ విరగ్గొట్టాలి, సిరంజిలోకి లాగాలి, బుడగలు తియ్యాలి, తొడ కండలో గుచ్చాలి. మా వీధి చివర ఉండే నర్సమ్మకి అది చిటికెలో పని, అమ్మకి రాదు, నాకు పగలైతే వస్తుంది, అర్ధరాత్రి నాన్న పెదాలు నల్లబడుతుంటే గాజు ముక్క వేలికి గుచ్చుకోవడం ఖాయం. స్ప్రేకి అయిదు నిమిషాల శిక్షణ చాలు.

స్ప్రేతో చిక్కు కూడా ఇక్కడే ఉంది. క్యాజువాలిటీ డాక్టర్ పది వంతులు చేసి చుక్క చుక్కగా ఇచ్చిన మందు ఒక ఆంప్యూల్, ఇందులో ఒక్క నొక్కుకి దానికి పది రెట్లు. ముక్కులోంచి మొత్తం ఒంటికి పట్టదనుకున్నా అది పెద్ద మోతాదే. రోడ్డు మీద హెరాయిన్‌తో పడిపోయిన కుర్రాడికి అది సరైన మందు, ఎముకల క్యాన్సర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి ప్రాణం నిలుస్తుంది కానీ నొప్పి విరుచుకుపడుతుంది. మా పెయిన్ క్లినిక్ డాక్టరమ్మని అడిగాం. ఆవిడ చెప్పింది నాకు సబబుగా అనిపించింది: మత్తుగా ఉండి పిలిస్తే లేస్తున్నాడంటే స్ప్రే జోలికి వెళ్లొద్దు, తర్వాతి మాత్ర ఆపి ఫోన్ చెయ్యండి. లేపినా లేవక, ఊపిరి నిమిషానికి ఎనిమిది లోపు పడిపోతే అప్పుడు స్ప్రే. చివరి రోజుల్లో ఊపిరి తీరు మారడం వేరే విషయం, దానికి ఇది వాడకూడదు, ఆ రోజు వచ్చినప్పుడు నేను చెప్తాను అంది. నాన్న ఎదురుగానే చెప్పింది. ఆయన తలూపాడు.

ఇంకో అపోహ. దీన్ని అన్ని మత్తులకీ విరుగుడు అనుకోవద్దు. మన దగ్గర కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు మీద ఇది అస్సలు పనిచేయదు, సారా మీదా పనిచేయదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర మీద సగం సగమే పనిచేస్తుంది, పైగా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అయితే ఏది మింగాడో తెలియని మనిషి ఊపిరాడక పడి ఉంటే కొట్టడమే నయం, నష్టం తక్కువ.

ఎండ సంగతి ఒకటి. 25 డిగ్రీల లోపు ఉంచాలి, కొద్దికాలం 40 దాకా పర్వాలేదు అని డబ్బా మీద ఉంది. మే నెల హైదరాబాద్‌లో పై అంతస్తు గదిలో, పార్క్ చేసిన కార్లో ఆ 40 ఎప్పుడో దాటిపోతుంది. ఫ్రీజర్‌లో కూడా పెట్టకూడదు, గడ్డకడితే స్ప్రే రాదు. మేం హాల్లో, కిటికీకి దూరంగా, దేవుడి గూడు కింది అరలో పెట్టాం, మార్ఫిన్‌ని మాత్రం బీరువాలో తాళం వేసి. తారీకు చూసుకోండి, 2024 జనవరి తర్వాత తయారైనవాటికి నాలుగేళ్ల గడువు ఇచ్చారు, అంతకుముందువి మూడేళ్లే.

అల్వాల్, బొల్లారం, యాప్రాల్, సైనిక్‌పురి, ఈ చుట్టుపక్కల ప్రతి రెండో ఇంట్లో ఒక రిటైర్డ్ ఫౌజీ ఉంటాడు. మోకాళ్లకి ట్రమడాల్, నిద్రకి ఒక మాత్ర, సాయంత్రం క్యాంటీన్ రమ్ము రెండు పెగ్గులు, ఒక్కోటి విడిగా చూస్తే ఎవరూ తప్పుపట్టరు, మూడూ ఒకే రాత్రి ఒకే ఒంట్లో పడితేనే ఊపిరి మందగిస్తుంది. నాన్న పాత దోస్తులు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ డబ్బా చూపించి క్లాసు పీకుతుంటాడు, ఒక సుబేదార్ గారైతే "మా ఆవిడకి తెలియనివ్వకు, రమ్ము ఆపేస్తుంది" అని బతిమాలాడు. మన మాజీ సైనికులకి 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది, కార్డు ఉంది, మందుల లెక్క ఉంది, ఇంట్లో ఎవరున్నారో రికార్డు ఉంది. మార్ఫిన్, ఫెంటనిల్ రాసిన ప్రతి చీటీతో పాటు ఒక నాలాక్సోన్, దాని వెంట పది నిమిషాల శిక్షణ కలిపి ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు, స్ప్రే కాకపోయినా కనీసం ఆంప్యూల్, సిరంజి, తెలుగులో ఒక కాగితం.

మార్కులంటారా, మందుకి అయిదుకి అయిదు. స్ప్రే తయారీకి నాలుగున్నర, అమ్మ కూడా వాడగలదు కాబట్టి. ధరకి రెండు. తెలుగు కాగితానికి సున్నా, అది నాన్న రాసుకున్నాడు. మన సిటీలో దొరకడానికి ఒకటి, అది కూడా కోఠి పుణ్యమే.

స్ప్రే రూపంలో చీటీ మీద హైదరాబాద్‌లో ఎక్కడైనా కొన్నవాళ్లుంటే షాపు ఏ ఏరియాలో ఉంది, ఎంత తీసుకున్నారు, ఎక్స్‌పైరీ ఎంత దూరం ఉంది చెప్పండి. సుబేదార్ గారికి ఒకటి కావాలి, వాళ్లావిడ అడుగుతోంది.